షెల్టర్ నుంచి తెచ్చుకున్న కుక్క మా బాబు మీద గుర్రుమంది. దాన్ని శిబిరానికి తీసుకొస్తానని మాటిచ్చేశాను, ఇప్పుడేం చెయ్యాలి?

చుక్క వాళ్ళ అమ్మ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ మీరు రాసేవి చదివి వెళ్ళిపోయేదాన్ని, రాయడం ఇదే మొదలు. మంగళవారం నుంచి సరిగ్గా నిద్ర లేదు. కాస్త పొడుగ్గా రాస్తే ఏమీ అనుకోకండి.

ఇంట్లో నేను, మావారు, మా అత్తయ్య, 14 ఏళ్ళ పాప, 9 ఏళ్ళ బాబు. ఏడాదిగా ప్రతి ఆదివారం పొద్దున్నే నేనూ బాబూ కుక్కల షెల్టర్‌కి వెళ్తున్నాం. గిన్నెలు కడగడం, దుప్పట్లు ఉతికి ఆరెయ్యడం మా పని. అది అయ్యాక బాబు ఏదో ఒక గది ముందు కూర్చుని తన పాఠం పైకి చదువుతాడు. కుక్కలకి మనుషుల గొంతు అలవాటవుతుందని అక్కడ పిల్లలతో అలా చదివిస్తారు. చుక్క మొదట్లో వెనక గోడకి ముఖం పెట్టి పడుకునేది. నాలుగైదు ఆదివారాలయ్యాక తల తిప్పి చూడసాగింది. ఇంకొన్నాళ్ళకి చువ్వల దాకా వచ్చి కూర్చుంది. ఆ రోజు బాబు చదవడం ఆపలేదు గానీ గొంతు వణికింది. ఆ గొంతు విన్నాకే దీన్ని ఇంటికి తెచ్చుకుందామని నేను గట్టిగా అనుకున్నాను.

వచ్చి 5 వారాలైంది. పళ్ళు చూసి 4 ఏళ్ళుంటాయన్నారు. నుదుట తెల్ల మచ్చ, అందుకే ఆ పేరు. ముందు కుడికాలు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. మొదటి వారమంతా భోజనాల బల్ల కిందే ఉంది, మేం పడుకున్నాక లేచి తినేది. నాలుగో రోజున చూడ్డానికని బంధువులు 7 మంది వచ్చారు. వద్దనలేకపోయాను. అందరూ వంగి వంగి తల నిమిరారు, అది ఉన్నచోటే మూత్రం పోసేసుకుంది. మూడో వారం నుంచి కాస్త తేరుకుంది. బాబు బడి నుంచి వచ్చే వేళకి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడుతోంది. తోక ఇంకా ఊపదు, కానీ ముందులా కాళ్ళ మధ్యకి ముడుచుకోవడం లేదు.

మంగళవారం సాయంత్రం తింటోంది. బాబు వెనక నుంచి వెళ్ళి పక్కన కూర్చుని మెడ చుట్టూ చెయ్యి వేసి దగ్గరికి లాక్కున్నాడు. తినడం ఆపేసింది. గిన్నెలోంచి తల ఎత్తలేదు, ఒళ్ళంతా బిగుసుకుపోయింది. వాడు "నేనే చుక్కా, నేనే" అంటూ ఇంకా దగ్గరికి జరిగాడు. అప్పుడు గుర్రుమంది. పై పెదవి లేచి పళ్ళు కనిపించాయి. కరవలేదు. మావారు గట్టిగా అరిచి, దినపత్రిక చుట్టి నేల మీద కొట్టారు. అది బల్ల కిందికి దూరి తెల్లారేదాకా బయటికి రాలేదు. బాబు ఏడ్చి ఏడ్చి పడుకున్నాడు. "ఏడాది దానికి చదివి వినిపించాను కదమ్మా, అయినా నేనంటే ఇష్టం లేదా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అత్తయ్యకి చిన్నప్పుడు కుక్క కరిచింది. ఆ రోజుల్లో బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు చేశారట. చుక్కని తేవడానికి ఆవిడ ఒప్పుకున్నదే మనవడి కోసం. ఇప్పుడు "పిల్లాణ్ణి కరిచాక ఏడ్చి ఏం లాభం, తెచ్చిన చోటే అప్పగించండి" అంటున్నారు. కోపంగా అంటే ఏదో సర్దిచెప్పుకునేదాన్ని. చాలా మెల్లగా అన్నారు. ఆ రాత్రి బాబు గది గుమ్మంలో కుర్చీ వేసుకుని చాలాసేపు కూర్చున్నారు.

ఇదిలా ఉంటే, సెప్టెంబర్ 28న మా వీధుల వాళ్ళందరం కలిసి కుక్కలకి రేబిస్ టీకా శిబిరం పెడుతున్నాం. ఇంకా 3 వారాలుంది. పేర్లు రాసుకునే బల్ల దగ్గర నేనుంటాను. షెల్టర్ నుంచి ఇల్లు చేరిన కుక్కగా చుక్కని అందరికీ చూపిద్దామన్నారు, నేనూ సంతోషంగా సరే అన్నాను. పోస్టర్ మీద దాని ఫొటో కూడా వేశారు. బాబు తరగతిలో అందరికీ చెప్పుకున్నాడు. మైకు, జనం, ముక్కూ మొహం తెలియని కుక్కలు... మంగళవారం నుంచి అది తలుచుకుంటేనే గుండె దడగా ఉంది.

చుక్క ప్రమాదకరమైన కుక్కా? మేం అరవడం తప్పయిందా? శిబిరానికి తీసుకెళ్ళొచ్చా? అత్తయ్యకి ఏం చెప్పాలి? దయచేసి అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.


పదకొండేళ్ళ వలంటీర్

మీరు రాసింది రెండుసార్లు చదివానండి. చుక్క మీ బాబుకి మూడు అవకాశాలిచ్చింది. తినడం ఆపింది, బిగుసుకుపోయింది, ఆ తర్వాతే గుర్రుమంది. కరవగలిగేంత దగ్గర్లో పిల్లవాడి చెయ్యి ఉన్నా కరవలేదు. "నాకు భయంగా ఉంది, జరుగు" అని కుక్క చెప్పగలిగేది అలాగే. ఆ మాట చెప్పినందుకు దాన్ని ప్రమాదకరం అనకండి.

మీవారిని తప్పుపట్టడానికి కాదు గానీ, గుర్రుమన్నందుకు ఇకపై ఎవరూ అరవొద్దు. దీనికి నేను మూల్యం చెల్లించాను. తొలి రోజుల్లో మా ఇంట్లో తాత్కాలికంగా ఉంచుకున్న ఒక మగకుక్క గిన్నె దగ్గర గుర్రుమనేది. అన్నప్పుడల్లా గద్దించాం. నెల రోజులకి మానేసింది. బాగుపడిందని సంబరపడ్డాను. ఒకరోజు గిన్నె తీయబోతే చప్పుడు లేకుండా నా చెయ్యి కరిచింది, 4 కుట్లు పడ్డాయి. దాని భయం ఎక్కడికీ పోలేదు. హెచ్చరించడం ఒక్కటే మాన్పించాం. ఆ కుక్కకి మళ్ళీ ఇల్లు దొరకడం ఎంత కష్టమైందో తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

ఈ రోజు నుంచే గిన్నె ఎవరూ నడవని మూలకి మార్చండి. అది తింటున్నప్పుడు పిల్లలు ఆ గదిలోకి రాకూడదు. బల్ల కింద ఉన్నప్పుడు చెయ్యి పెట్టకూడదు, ఆ చోటు దానిదే. గిన్నె దగ్గర మనుషులంటే భయం పోగొట్టే పని పెద్దవాళ్ళది. దూరంగా నడిచి వెళ్తూ గిన్నెలో ఉన్నదానికంటే ఇష్టమైన ముక్క ఒకటి దాని వైపు విసిరి, ఆగకుండా వెళ్ళిపోండి. రోజుకి రెండు మూడుసార్లు చాలు. కొన్ని వారాలకి మిమ్మల్ని చూసి తల ఎత్తి ఎదురుచూస్తుంది. అది బిగుసుకుంటే మీరు మరీ దగ్గరికి వెళ్ళారన్నమాట. గిన్నె లాక్కుని "యజమాని ఎవరో చూపించాలి" అనేవాళ్ళ మాట అసలు వినకండి.

షెల్టర్ కుక్కల గురించి మా వాళ్ళు 3 రోజులు, 3 వారాలు, 3 నెలలు అంటుంటారు. బెదురు తగ్గడానికి 3 రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి 3 వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి 3 నెలలు. అన్ని కుక్కలూ ఈ లెక్క ప్రకారం నడవవు, కొన్నింటికి ఏడాది పడుతుంది. మీది 5వ వారం. నోరు విప్పే ధైర్యం ఇప్పుడిప్పుడే వచ్చింది. మొదటి వారంలో ఆ 7 మందికీ ఏమీ చెప్పుకోలేక తడుపుకుంది కదా, దానికన్నా ఇదే నయం.

బాబుకి ఇలా చెప్పండి: కౌగిలి మనుషుల ప్రేమ. చాలా కుక్కలకి మెడ మీద చెయ్యి పడితే పట్టుబడ్డట్టు ఉంటుంది. చుక్క వచ్చి వాణ్ణి ఆనుకుంటే 3 సెకన్లు ఛాతీ మీద నిమిరి చెయ్యి తీసెయ్యమనండి. ఇంకా కావాలంటే అదే జరుగుతుంది. వద్దనుకుంటే ముక్కు నాక్కుంటుంది, నిద్ర లేకపోయినా ఆవులిస్తుంది, తల పక్కకి తిప్పి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తుంది. పిల్లలు ఇవి పెద్దవాళ్ళకంటే తొందరగా పట్టేస్తారు.

శిబిరానికి మాత్రం వద్దు. ఒక్క శాతం కూడా సందేహం పెట్టుకోకండి. నిర్వాహకులకి ఈ రోజే ఫోన్ చెయ్యండి. ముందు రోజు చెబితే వాళ్ళకీ ఇబ్బంది, మీకూ కాదనడం కష్టం.


పశువైద్యం చేసేవాణ్ణి

పైన చెప్పినదంతా సరైనదే. నాది ఒకటే మాట. వంకరగా అతుక్కున్న కాలు అన్నారు కదా, బాబు మెడ పట్టి లాక్కున్నప్పుడు బరువంతా ఆ కాలి మీద పడి ఉంటుంది. నొప్పి ఉన్న కుక్క గుర్రుమంటే ముందు నొప్పి సంగతి చూడాలి. చూడకుండా నేను మందు చెప్పను. భుజం, మోచేయి కీళ్ళు, పళ్ళు మీ డాక్టర్ గారితో పరీక్ష చేయించండి. మనుషుల నొప్పి మాత్రలు ఎంత చిన్న ముక్కయినా ఇవ్వకండి, కుక్కలకి ప్రాణం మీదికి వస్తుంది.

మీ అత్తగారి భయం కొట్టిపారేసేది కాదు. రేబిస్ లక్షణాలు కనిపించాక బతికించడం దాదాపు అసాధ్యం. మనుషులకి వచ్చే రేబిస్‌లో 99 శాతం దాకా కుక్కల నుంచే వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. చుక్కకి టీకా వేసిన తేదీ ఉన్న కార్డు ఆవిడ చేతికివ్వండి. ఏ కుక్క పన్ను గీరుకున్నా 15 నిమిషాలు సబ్బు పెట్టి పారే నీళ్ళలో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలని ఇంట్లో అందరికీ తెలియాలి. బొడ్డు చుట్టూ పొడిచే రోజులు పోయాయి, ఇప్పుడు భుజానికి నాలుగైదు డోసులే.

శిబిరం చాలా మంచి పని. ఒక ప్రాంతంలో 70 శాతం కుక్కలకి టీకా పడితే వాటి మధ్య వ్యాధి పాకడం ఆగుతుంది. చుక్క ఇంట్లో ఉన్నా ఆ లెక్కలో ఉన్నట్టే.


పదవీ విరమణ చేసిన టీచర్

అమ్మా, కుక్కల గురించి చెప్పడానికి ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను మీ అత్తగారి గురించి రాస్తాను. నాకూ ఎనిమిదో ఏట కుక్క కరిచింది, 60 దాటాక కూడా గేటు చప్పుడైతే ఉలిక్కిపడేదాన్ని. మా కోడలు కుక్కపిల్లని తెచ్చినప్పుడు అందరూ నాతో "ఏమీ చెయ్యదు" అనేవారు. ఆ మాట వింటే, నాకు జరిగింది వీళ్ళకి లెక్కలేదా అనిపించేది. మీరు ఆ మాట అనకండి. "మీ గదిలోకి అది రాదు" అనండి, అన్నాక ఆ మాట నిలబెట్టుకోండి. గుమ్మానికి నడుము ఎత్తు అడ్డుగేటు పెట్టించండి. గడియ ఆవిడ వైపు ఉండాలి.

ఆ రోజు కరిచినప్పుడు ఏం జరిగిందో మీ అత్తగారిని ఎవరైనా కూర్చోబెట్టి అడిగారా? నన్ను 50 ఏళ్ళ దాకా ఎవరూ అడగలేదు.


చుక్క వాళ్ళ అమ్మ (5 రోజుల తర్వాత)

అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. ఒక్కొక్కటే చెప్తాను.

డాక్టర్ గారు చుక్క కాలు వెనక్కి మడవబోతే ముక్కు నాక్కుంది, తర్వాత మూలిగింది. మోచేయి కీలు అరిగి ఉండొచ్చట. 2 వారాలకి మందిచ్చారు, తర్వాత ఎక్స్‌రే తీస్తామన్నారు. ఇన్నాళ్ళూ అది మెట్లు ఎక్కకపోతే భయమనుకున్నాను, నొప్పి అయి ఉంటుందని ఒక్కసారి కూడా తట్టలేదు. మావారికి ఈ మాట చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు జారకుండా ఉండే చాప తెచ్చి గిన్నె పెట్టే మూలలో తనే పరిచారు.

శిబిరం వాళ్ళకి ఫోన్ చేశాను. ఒకావిడ వెంటనే అర్థం చేసుకున్నారు. ఇంకొకాయన పోస్టర్లు అచ్చయిపోయాయని బాగా నొచ్చుకున్నారు, ఇప్పటికీ పొడిపొడిగానే మాట్లాడుతున్నారు. తప్పు నాదే కాబట్టి భరిస్తాను.

టీచర్ గారూ, మీరన్నట్టే అత్తయ్యని అడిగాను. అది పక్కింటి వాళ్ళ కుక్కేనట. పిల్లల్ని పెట్టింది, చూద్దామని చెయ్యి పెట్టారు. ఇంజెక్షన్ల కన్నా ఆవిడకి ఎక్కువ గుర్తున్నది, మర్నాటికి ఆ కుక్క కనపడకపోవడం. దాన్ని ఏం చేశారో ఎవరూ చెప్పలేదట. "నా వల్లే కదా" అన్నారు. పెళ్ళయి 16 ఏళ్ళు, నాకీ సంగతి తెలియనే తెలియదు. గేటు పెట్టించాం. గడియ ఆవిడ వైపే.

బాబు సంగతే తేలడం లేదు. చుక్క రాదంటే శిబిరానికి తనూ రానంటున్నాడు. తరగతిలో అందరూ అబద్ధం చెప్పాడంటారట.


పదకొండేళ్ళ వలంటీర్

చుక్క బదులు వాణ్ణే మాట్లాడించండి. కుక్క "వద్దు" అని ఎన్ని రకాలుగా చెబుతుందో చూపించడానికి కుక్క అక్కర్లేదు, ఫొటోలు చాలు. టీకా వరసలో పిల్లలే కదా ముందు చేతులు చాపేది. వాడి మాట ఆ పిల్లలకి నా మాటకంటే బాగా ఎక్కుతుంది.

వాడికి 9 ఏళ్ళన్నారు. 1885 జూలై 6న ఫ్రాన్స్ శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ ఎవరికి రేబిస్ టీకా వేయించడం మొదలుపెట్టాడో, ఆ జోసెఫ్ మైస్టర్ కూడా 9 ఏళ్ళ పిల్లాడే. పిచ్చికుక్క కరిస్తే 13 ఇంజెక్షన్లు చేశారు, బతికాడు. పెద్దయ్యాక పాశ్చర్ సంస్థలోనే కాపలా ఉద్యోగం చేశాడు. మీ శిబిరం తేదీ సెప్టెంబర్ 28 కూడా పాశ్చర్ చనిపోయిన రోజే. అందుకే ఏటా ఆ రోజున ప్రపంచ రేబిస్ దినం జరుపుతున్నారు. ఇది చెప్పి చూడండి.


చుక్క వాళ్ళ అమ్మ (శిబిరం మర్నాడు)

ఒళ్ళు నొప్పులతో రాస్తున్నాను, కానీ రాయకుండా ఉండలేకపోయాను. మొత్తం 62 కుక్కలకి టీకా పడింది. వాటిలో 19 ఎవరి ఇంటివీ కావు, వీధిలో వాటికి తిండి పెట్టే ఇద్దరు కుర్రాళ్ళే ఓపిగ్గా పట్టుకొచ్చారు. మధ్యాహ్నం రెండు కుక్కలు కొట్టుకుంటే బల్ల తిరగబడి నేను పేర్లు రాసిన కాగితాలన్నీ తడిసిపోయాయి, సగం మళ్ళీ రాశాను. ఆ గొడవ చూస్తున్నప్పుడు చుక్క ఇక్కడ ఉంటే ఏమయ్యేదో అనిపించి చేతులు చల్లబడ్డాయి.

బాబు మైకు ముందు మాట్లాడలేదు, భయపడ్డాడు. దాని బదులు వరస పక్కన కింద కూర్చుని వచ్చిన పిల్లలకి ఫొటోలు చూపించాడు. అన్నీ చుక్కవే, 4 రోజుల్లో మా పాప దూరం నుంచి తీసింది. ముక్కు నాక్కుంటున్నది, ఆవులిస్తున్నది, ఓరగా చూస్తున్నది. "దీనర్థం ఏంటో చెప్పు" అని ఒక్కొక్కరినీ అడిగాడు. మైస్టర్ కథ కనీసం 20 సార్లు చెప్పి ఉంటాడు. వాడి తరగతి పిల్లాడొకడు "మీ కుక్క రాలేదేం" అని అడిగితే, "దానికి ఇష్టం లేదు, అందుకని" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు వాడి ముఖంలో మంగళవారం నాటి ఏడుపు లేదు.

ఇంట్లో చుక్క దగ్గర ఎవరుండాలన్నది పెద్ద సమస్య అయింది. మావారు నీళ్ళ ఏర్పాట్లు చూడాలి, పాప మాతో వచ్చింది. అత్తయ్య "గేటు ఉందిగా, నేనుంటాను" అన్నారు. 4 గంటలపాటు చుక్క బల్ల కిందే ఉందట, ఆవిడ గేటుకి ఇవతలే ఉన్నారట. మేం వచ్చేసరికి మాత్రం గిన్నె దగ్గర రెండు ముక్కలు పడి ఉన్నాయి, తినకుండా. గేటు మీంచి విసిరారట. "దూరంగా పడ్డాయి, నాకు గురి లేదు" అన్నారు.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. వచ్చే గురువారం చుక్కకి ఎక్స్‌రే. కాలు పట్టుకుని తిప్పాలి కాబట్టి మూతికి బుట్ట పెట్టాల్సి రావచ్చన్నారు. నోరు తెరిచి ఊపిరి తీసుకునే వీలున్న బుట్టే కొన్నాను. గదిలో పెడితే దూరం నుంచి వాసన చూసి వెళ్ళిపోయింది. 9 రోజులుంది. దాన్ని బెదిరించకుండా ఎలా అలవాటు చెయ్యాలో, రోజుకి ఎంతసేపు చెయ్యాలో ఎవరైనా చెప్పగలరా?


పదకొండేళ్ళ వలంటీర్

బుట్టలోపల అడుగున ఇష్టమైన తిండి పూసి మీ చేత్తో పట్టుకోండి, అదే వచ్చి మూతి పెట్టాలి. మీరు దాని ముఖం వైపు తేకూడదు. మొదటి 3 రోజులు పట్టీ కట్టే ఆలోచనే వద్దు. ఒకసారికి 1 నిమిషం, రోజుకి 4 సార్లు. మూతి లోపల పెట్టి తీరిగ్గా నాకుతుంటే నాలుగో రోజున పట్టీ చెవుల వెనక తాకించి తీసెయ్యండి. ఎక్కడైనా బెదిరితే ముందు రోజు చేసినదానికి వెనక్కి వెళ్ళండి. 9 రోజులకి కాకపోతే ఎక్స్‌రే వారం వాయిదా వెయ్యొచ్చా అని డాక్టర్ గారిని ముందే అడిగి ఉంచండి. కాదంటే మత్తిచ్చి తీసే వీలుందేమో కనుక్కోండి, నొప్పి ఉన్న కాలికి అదే సుఖం.


చుక్క వాళ్ళ అమ్మ

ఇప్పుడే మొదలుపెట్టాను. బుట్ట నేను పట్టుకున్నాను, బాబు పక్క గదిలో కూర్చుని పాఠం పైకి చదువుతున్నాడు. మూతి సగం పెట్టి తీసింది. మళ్ళీ సాయంత్రం చేస్తాను.